అద్దాల బీరువాలో వీణ

హైదరాబాదులో మా ఇంటి హాల్లో ఒక అద్దాల బీరువా ఉంది. పై అరలో ఇంజనీరింగ్ రోజుల్లో క్విజ్‌లో గెలిచిన కప్పు, కింది అరలో మూరెడు పొడుగున్న బొబ్బిలి వీణ. మొన్నామధ్య ఒక స్నేహితుడి కూతురు ఆ వీణని తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, వీణ నేర్చుకుంటోంది. తీగ మీటింది. టిక్కుమంది. ఇంకో తీగ మీటింది. అదీ టిక్కుమంది. "అంకుల్, ఇది పలకదా?" అంది. "పలకదమ్మా, అది చూడ్డానికి," అన్నాను. "వీణని చూసి ఏం చేస్తారు?" అనడిగి, నా జవాబు కోసం ఆగకుండా దాన్ని మళ్ళీ అరలో పెట్టేసి ట్యాబ్ తీసుకుంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదన్న సంగతి కొన్నాళ్ళుగా నాకు తెలుసు. 2024 జనవరిలో, కనుమ నాడు, మా ఊళ్ళో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఎదురైంది. అప్పుడూ జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ రెంటి గురించీ.

ముందు ఒక మాట గురించి చెప్పాలి. 'ఆదరణ'. శ్రీకాకుళం, విజయనగరం నుంచి బయటికొచ్చి స్థిరపడ్డ మా బోటివాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట తెగ తిరుగుతుంది. మన కళాకారుల్ని ఆదరించండి, మన ఊరి సరుకు కొనండి, మన పాటని బతికించండి. నేనూ ఫార్వర్డ్ చేసినవాడినే. పొందూరు ఖద్దరు కొంటాను, పలాస జీడిపప్పు ఆఫీసులో పంచుతాను. కానీ ఖద్దరు కొన్నాక కట్టుకుంటాం, పప్పు కొన్నాక తింటాం. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి తీసిన నూలు అంత సన్నగా ఎందుకు వస్తుందో, ఒంటి మీద వేసుకున్న మొదటి ఎండాకాలమే తెలిసిపోతుంది. నచ్చకపోతే మళ్ళీ కొనం, నచ్చితే ఇంకో పంచె తెప్పించుకుంటాం. ఆ బేరంలో జాలి లేదు. పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం జాలి ముందుకొస్తుంది. పాట బాగుందా లేదా అని ఎవరూ అడగరు. 'అంతరించిపోతోంది, ఆదుకోండి' అంటారు. ఆదుకోవలసిన దాన్ని ఎవరూ వినరు. నా అనుమానమంతా ఇక్కడే.

*

మాది ఉద్దానం. పలాసకి కాస్త దూరంలో, సముద్రం గాలి తగిలే పల్లె. కొబ్బరి, జీడి తప్ప వేరే ఆధారం లేని ఊరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర్లో తీరం దాటింది. ఆ ఒక్క రాత్రితో మా మామ్మ తోటలో నిలబడి ఉన్న చెట్లని వేళ్ళ మీద లెక్కపెట్టాల్సి వచ్చింది. మళ్ళీ వేసిన జీడిమొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. కొబ్బరికి ఇంకా టైం పడుతుంది.

కనుమ రోజు కుర్రాళ్ళంతా చందాలేసుకుని ఏదో ఒక ప్రోగ్రాం పెట్టడం మా ఊళ్ళో ఆనవాయితీ. కొన్నేళ్ళుగా ఆ ప్రోగ్రాం అంటే డీజేయే. 2024లో చందా కొంచెం పెద్దదే రాశాను కాబట్టి గ్రూపులో నాకూ ఒక మాట చెల్లింది. తప్పెటగుళ్ళు పెడదామన్నాను. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఎగిరి గంతెయ్యనూ లేదు. "పెద్దోడు డబ్బులిచ్చాడు కదా, పెట్టీద్దాం," అన్నారు. డీజే ఎలాగూ ఉంది.

లెక్క ఇదీ. డీజేకి 35,000. తప్పెటగుళ్ళ బృందానికి 12,000. వాళ్ళు 16 మంది. వేన్ బాడుగ 3,500 వాళ్ళ డబ్బుల్లోంచే. మిగిలింది పంచుకుంటే మనిషికి 530 రూపాయల చిల్లర. ఆ రోజు ఈ లెక్క నేను వెయ్యలేదు. హైదరాబాదు తిరిగొచ్చాక వేశాను.

తప్పెటగుళ్ళు చూడనివారి కోసం నాలుగు మాటలు. మా వైపు యాదవుల ఆట ఇది. గుండె మీద గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, రెండు చేతులతో తప్పెట వాయిస్తూ, పాడుతూ, ఆడతారు. వాయించేవాడు, పాడేవాడు, ఆడేవాడు అని వేరువేరుగా ఉండరు. అందరూ అన్నీ చేస్తారు. గురువు ఒక పాదం అందుకుంటాడు, మిగతావాళ్ళు అది తిప్పి అంటారు. మొదట్లో నడక నెమ్మది. పాట కథలోకి వెళ్ళేకొద్దీ కాళ్ళు బరువెక్కుతాయి, తప్పెట మీద దెబ్బ దగ్గరపడుతుంది, వలయం ఒకసారి బిగుసుకుని ఒకసారి విచ్చుకుంటుంది. ఒక స్థాయికి చేరాక ఇక ఒళ్ళు నేల మీద ఆగదు. అప్పుడు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతారు. ఆ ఎక్కడం పాట వేడికి వచ్చిన ఫలితం. పాట లేకుండా ఎక్కితే అది సర్కస్.

ఈ చివరి వాక్యం ఊరికే అనడం లేదు. అంతకు రెండేళ్ళ ముందు ఒక పెద్ద ఊళ్ళో, అధికారులూ నాయకులూ వచ్చిన వేదిక మీద తప్పెటగుళ్ళు చూశాను. ఇచ్చిన టైం ఆరేడు నిముషాలు. కొత్త రంగు నిక్కర్లు, మెరిసే పటకాలు. తెర లేస్తూనే భుజాల మీదికి ఎక్కేశారు. ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. పాట ఒక పల్లవి దగ్గరే ఆగిపోయింది, అదీ మైకులో సరిగ్గా పడలేదు. చప్పట్లు బాగా కొట్టాం. కొట్టినవాళ్ళలో ఒక్కరినైనా ఏ కథ పాడారని అడిగితే చెప్పగలిగేవారు కాదు. తప్పు ఆటగాళ్ళది కాదు. ఆరు నిముషాలిస్తే ఎవరైనా ఏం చేస్తారు? కథకి గంటలు కావాలి, ఫీటుకి నిముషం చాలు. మనం నిముషాలే ఇస్తూ ఉంటే వాళ్ళు ఫీట్లే చేస్తారు. అలా కొన్నేళ్ళు గడిస్తే కొత్తగా వచ్చిన కుర్రాడికి ఫీట్లే వస్తాయి. ఒక కళారూపం పోవడమంటే ఆటగాళ్ళు లేకుండా పోవడమే అనుకుంటాం. ఆటగాళ్ళు ఉంటారు, వేషం ఉంటుంది, ఫోటో ఉంటుంది. లోపలున్న పాట ఒక్కటే ఉండదు.

మా ఊరి బృందానికి రాత్రి తొమ్మిది నుంచి కావాలని అడిగాను. తొమ్మిదికి డీజే. సాయంత్రం నాలుగుకి పెట్టారు. చూడ్డానికి ముసలివాళ్ళు, చిన్నపిల్లలు, నాలాగా పండక్కి వచ్చి ఫోన్లు పట్టుకున్నవాళ్ళు. గురువుకి అరవై దాటుంటాయి. గొంతు మొదట బొంగురుగా ఉంది, పావుగంట తర్వాత విచ్చుకుంది. నేను ముందు వరసలో నిలబడి వీడియో తీశాను. ఫ్రేము చక్కగా ఉండాలని ఒకసారి అరుగెక్కాను, ఎండ ఎదురుగా పడుతోందని ఇటు మారాను. అరగంటయ్యాక ముసలివాళ్ళ వైపు ఏదో కదలిక. మా మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కింటి తాత తలూపుతున్నాడు. ఏదో కరుణ ఘట్టం వచ్చినట్టుందనుకుని జూమ్ చేశాను.

ఐదూ పదికి ఆపమన్నారు. ఆపారు. డబ్బులిచ్చేటప్పుడు, గొప్పగా ఉందండీ, మొత్తం రికార్డు చేశాను అన్నాను గురువుతో. ఆయన గజ్జెలు విప్పుకుంటూ నవ్వాడు. "వీడియో తీసుకున్నారు గానీ, ఆట సూడనేదు బావూ మీరు," అన్నాడు. ఎత్తిపొడుపుగా అన్లేదు. వాన పడలేదు అన్నట్టు అన్నాడు.

రాత్రి మామ్మనడిగాను, ఎందుకేడ్చావని. "మన తోటలు పడిపోయిన సంగతి కట్టి పాడినాడు కాదేటి. మన సెరువు పేరెట్టి, మన అమ్మోరి పేరెట్టి. సూడనేదా నువ్వు? ముందునే ఉన్నావు గదరా?" అంది.

వీడియో తెరిచి చూశాను. ఆ ఘట్టం ఉంది. మామ్మ ముఖం స్పష్టంగా ఉంది. పాట లేదు. సరిగ్గా ఆ సమయంలో డీజే కుర్రాడు బాక్సులు టెస్ట్ చేసుకుంటున్నాడు. నాలుగు నిముషాల పాటు ఫోనులో వినిపిస్తున్నది ఆ బాక్సుల దడదడే. గురువు పెదాలు కదులుతున్నాయి. మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక మాటుంది, తిరిగి తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదని. జూనియర్లకి నేనే చెబుతుంటాను.

మర్నాడు గురువుకి ఫోన్ చేశాను. ఆ పాదాలు ఒకసారి చెప్పండి, రాసుకుంటానని. "ఆ పూట ఒచ్చింది బావూ, పాడీసినాను. ముసిలోలు ఎదురుంగున్నారు, ఆల మొకాలు సూస్తే ఒచ్చింది. మల్లీ అదే రమ్మంటే ఎలాగొస్తాది?" అన్నాడు.

*

ఇంతవరకూ చెప్పిన కథలో డీజే విలన్‌గా కనిపిస్తున్నాడేమో. అది నిజం కాదు. ఆ కుర్రాడిది పక్క ఊరే. అప్పు చేసి బాక్సులు కొన్నాడు. 'లోకల్ వ్యాపారాన్ని ప్రోత్సహించండి' అనే నినాదానికి అతనూ అర్హుడే. పైగా ఆ రాత్రి అతను వేసిన పాటలేంటి? 'పలాస 1978' సినిమాతో 2020లో రాష్ట్రమంతా తిరిగిన నక్కిలీసు గొలుసు పాట. అప్పటికి రెండు నెలల కిందటే వచ్చిన 'కోట బొమ్మాళి పీఎస్' సినిమాలోని లింగిడి పాట. రెండూ మా నేల జానపదాలే. వాటిని నేను తక్కువ చెయ్యను. నేను ఇంజనీరింగ్ చదువుకునే రోజుల్లో హాస్టల్లో 'ఏటి' అన్నందుకు ఏడాదిపాటు వెక్కిరించారు. అప్పటిదాకా సినిమాల్లో మా యాస పనిమనిషి పాత్రకో హాస్యానికో పరిమితం. ఇప్పుడు అదే యాసలో పాట మోగితే పెళ్ళిళ్ళలో అన్ని జిల్లాలవాళ్ళూ లేచి ఆడుతున్నారు. ఆ గర్వం చిన్నది కాదు. ఆ రాత్రి నేనూ ఆడాను.

కానీ ఆ పాట ఎక్కడ మోగినా అదే పాట. పలాసలోనూ అదే, డల్లాస్‌లోనూ అదే. మా ఊళ్ళో మోగుతున్నప్పుడు తాను మా ఊళ్ళో ఉన్నానని దానికి తెలీదు. సాయంత్రం గురువు పాడిన పాటకి తెలుసు. మా చెరువు పేరు దానికి తెలుసు, ఎదురుగా కూర్చున్న ముసలివాళ్ళ చెట్లు పడిపోయాయని తెలుసు. ఎదుట నిలబడి పాడే సంగీతానికీ, అచ్చువేసిన సంగీతానికీ ఉన్న తేడా ధ్వని నాణ్యతలో లేదు. ధ్వని అయితే డీజేదే మేలు. వినేవాణ్ణి చూస్తూ మారగలగడంలో ఉంది తేడా. ఇదొక్కటే ఆ పాటకున్న అసలు బలం. మనం ఆదరణ పేరుతో దాన్ని సాయంత్రం నాలుగు గంటలకి నెట్టి, వేదికెక్కించి ఆరు నిముషాలకి కుదించి, ముందుగా ఆ బలాన్నే తీసేస్తున్నాం.

మా ప్రాంతంలో ఇలాంటి పాట బతికిన కాలం ఒకటుంది. అప్పుడు దాన్ని ఎవరూ ఆదరించమని అడగలేదు. జముకుల కథ తీసుకోండి. ఒకవైపు తోలు మూసిన డొల్ల, దాని లోపల్నుంచి లాగిన తీగ. చంకలో ఇరికించుకుని తీగ మీటితే మనిషి మూలిగినట్టూ నవ్వినట్టూ పలుకుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి అమ్మవార్ల కథలు చెప్పుకునే రూపం. శ్రీకాకుళ ఉద్యమ కాలంలో సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకునే పట్టుకుని ఊరూరా తిరిగాడు. 1969 డిసెంబరులో ఆయన్ని చంపేశారు. తర్వాత పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు, విశాఖ షిప్‌యార్డులో పనిచేస్తూ, మా గొల్లల గంతునీ పల్లెటూరి మాటనీ పాటలోకి తెచ్చి 2020లో పోయేదాకా పాడుతూనే ఉన్నాడు. వాళ్ళ రాజకీయాలు ఒప్పుకోనివాళ్ళు ఉంటారు. ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఆ రాత్రుళ్ళు జముకు వినడానికి వచ్చినవాళ్ళు కళని కాపాడ్డానికి రాలేదు. తమ భూమి గురించీ, తమ అప్పు గురించీ ఏం చెబుతాడో వినాలని వచ్చారు. అవసరం ఉండి వచ్చారు. అందుకే జముకు బతికింది.

మా మామ్మకి ఆ సాయంత్రం అలాంటి అవసరం ఉంది. నాకూ ఉందని నాకే తెలీలేదు.

*

పల్లె పాటకి ఇది చెల్లుతుంది, శాస్త్రీయ సంగీతం సంగతేమిటి అని అడగొచ్చు. దానికి విజయనగరమే జవాబు. 1919లో విజయరామ గజపతిరాజు అక్కడ సంగీత కళాశాల పెట్టారు. హరికథకి ఆద్యుడైన ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. అక్కడ వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1936లో ఆ పదవిలోకి వచ్చారు. ఈ పేర్లు మేం సభల్లో గర్వంగా చదువుతాం. చదివేసి కూర్చుంటాం.

ఆ చరిత్రలో నాకు ఎక్కువ పనికొచ్చే ఘట్టం రాజుగారిది కాదు, ఘంటసాలది. సంగీతం నేర్చుకోవాలని చేతిలో ఏమీ లేకుండా విజయనగరం వచ్చిన కుర్రాడు. పట్రాయని సీతారామశాస్త్రి ఇంట చేరదీశారు. జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి మధూకరం ఎత్తుకుని తిని చదువుకున్నాడు. కళాశాల కట్టింది రాజు, విద్యార్థికి అన్నం పెట్టింది ఊరి వంటిళ్ళు. ఒక సంగీత నగరం తయారవడమంటే ఇదీ. పెద్ద దానం ఒక్కటి, చిన్న చిన్న ముద్దలు వందలు.

దీన్ని బంగారు కాలంగా చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఒక కుర్రవాడు అన్నానికి ఇల్లిల్లూ తిరగాల్సి రావడంలో అందమేమీ లేదు. అంతకన్నా ముఖ్యం, మధూకరం జోలె ఏ కులం పిల్లవాడి భుజానికైనా దొరికేది కాదు. ఆ వీధుల్లోనే జముకు వాయించుకుంటూ వెళ్ళిన మనిషికి పడింది గుప్పెడు బియ్యం, అదీ వీధి గుమ్మం అవతల నుంచి. విద్య అనే పేరు ఒకదానికిచ్చి, యాచన అనే పేరు ఇంకోదానికిచ్చాం. తప్పెటగుళ్ళకి సాయంత్రం నాలుగు గంటలు కేటాయించిన మా కమిటీలోనూ, అందులో ఉన్న నాలోనూ, ఆ పాత లెక్క ఇంకా పోలేదేమో.

అయినా ఆ ఊళ్ళో వినే అలవాటు ఒకటి ఇప్పటికీ మిగిలుంది. కిందటేడు విజయనగరంలో ఒక చిన్న సభకి వెళ్ళాను. నలభై మంది ఉంటారు, సగం మంది పాడే పిల్లల అమ్మానాన్నలే. ఒక అమ్మాయి వయొలిన్ మీద కల్యాణి వాయించింది. అయిపోయాక వెనక వరసలోంచి ఒక పెద్దాయన కర్ర పట్టుకుని నెమ్మదిగా ముందుకొచ్చి, "బావుందమ్మా. నిషాదం రెండు చోట్ల కిందికి జారింది, చూసుకో," అన్నాడు. అమ్మాయి మొహం చిన్నబోతుందనుకున్నాను. ఆమె "ఎక్కడండీ?" అని అడిగి, అక్కడే మళ్ళీ వాయించి చూపించింది. ఆయన వేలితో తొడ మీద తాళం వేస్తూ విన్నాడు. "ఆఁ, ఇప్పుడు సరిపోయింది," అన్నాడు.

నేను చూసిన ఆదరణల్లో ఇంతకన్నా గొప్పది లేదు. నా పన్నెండు వేలకన్నా, నా వీడియోకన్నా పెద్దది. గురువుతో నేను "గొప్పగా ఉందండీ" అన్నాను. వినకుండా అన్నాను. తప్పు పట్టగలిగేంతగా విన్నవాడి మెచ్చుకోలుకే విలువ. విమర్శ రాస్తానని చెప్పుకునే నేను సినిమా పాటల ఇంటర్‌లూడ్ల మీద వేల మాటలు రాశాను. ఏ స్ట్రింగ్ సెక్షన్ ఎక్కడ అరువు తెచ్చిందో పట్టుకుని ఎగతాళి చేశాను. మా ఊరి ఆట మీద ఒక్క పేజీ రాయలేదు. అది విమర్శకి అందనిదనీ, జాలిపడి ఊరుకోవలసినదనీ నాకు తెలియకుండానే తేల్చేసుకున్నాను. అది గౌరవం కాదు.

*

ఈ మధ్య బొబ్బిలి పక్కన గొల్లపల్లి వెళ్ళాను. వీణలు చేసే ఊరు. పనస మొద్దుని తొలిచి, కుండా దండీ అతుకు లేకుండా ఒకే చెక్కలో తీసే ఏకాండి వీణకి పేరున్న చోటు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. షెడ్డులో సగం చోటు పెద్ద వీణలది కాదు. నా బీరువాలో ఉన్నలాంటి బొమ్మ వీణలది. ప్రముఖులకి శాలువాతో పాటు ఇచ్చేవి, ఆఫీసుల్లో రిటైర్మెంటుకి ఇచ్చేవి.

పట్నం మేధావి లాగా కొంచెం బాధ నటిస్తూ, అసలు వీణ చేసే చేతులతో ఈ బొమ్మలు చెయ్యడం మీకు కష్టంగా లేదా అనడిగాను, పని చేసుకుంటున్న ఒకాయన్ని. ఆయన ఉలి ఆపలేదు. "ఇయ్యి అమ్ముడుపోబట్టే అయ్యి సెయ్యగలుగుతన్నాం బాబూ. పిల్లలు తినాల గదా," అన్నాడు. నా బాధ అక్కడితో సరిపోయింది. బొమ్మ వీణని వెక్కిరించే హక్కు, దాన్ని కొన్న నాకు అసలే లేదు.

కాసేపయ్యాక ఆయనే ఇంకో మాటన్నాడు. "తేడా ఏటంటే, పెద్దది కొన్నోలు మల్లీ ఒస్తారు. మేలం కట్టమనీ, తీగలు మార్సమనీ. బొమ్మ కొన్నోలు రారు."

వీణ మెట్లు మైనంలో నిలుపుతారు. వాయించేకొద్దీ, ఎండలు ముదిరేకొద్దీ ఆ మైనం మెత్తబడి స్థానాలు కదులుతాయి. అప్పుడు మళ్ళీ మేళం కట్టాలి. అంటే వాయించే వీణ పాడవుతుంది, పాడైనందువల్ల చేసినవాడి దగ్గరికి తిరిగొస్తుంది, ఆయనకి ఇంకో నాలుగు రోజులు పని దొరుకుతుంది. ఆ వచ్చినతను దారిలో టీ తాగుతాడు, కొత్త తీగల సెట్టు కొంటాడు, తన శిష్యురాలికి ఫలానా చోట కొనమని చెబుతాడు. బీరువాలో వీణ పాడవదు. అందుకే ఎవరికీ అన్నం పెట్టదు, మొదటిసారి పెట్టింది తప్ప.

స్థానిక సంగీతాన్నీ స్థానిక వ్యాపారాన్నీ కలిపి ఎందుకు మాట్లాడాలో నాకు ఆ షెడ్డులో అర్థమైంది. తప్పెటగుళ్ళు రాత్రంతా ఆడితే రేకు తప్పెట సొట్టపోతుంది, గజ్జెలు తెగుతాయి, రేకుల పనివాడికీ గజ్జెలమ్మేవాడికీ పని. షామియానావాడికి ఇంకో పూట, వేన్ డ్రైవరుకి ఇంకో ట్రిప్పు, మైదానం పక్కన బజ్జీల బండికి తెల్లవార్లూ బేరం. ఆరు నిముషాల ప్రదర్శనకి ఏదీ అరగదు. వాడి అరగదీయడమే ఆదరణ. దాచి చూసుకోవడం కాదు.

దీన్నుంచి ఏం చెయ్యాలనేది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. వాళ్ళ రూపానికి ఎంత రాత్రి కావాలో అంత రాత్రి ఇవ్వాలి. వేన్ బాడుగ వాళ్ళ డబ్బుల్లోంచి తియ్యకూడదు. ఆడుతున్నప్పుడు బాక్సులు టెస్ట్ చెయ్యకూడదు. ఒకే బృందాన్ని మళ్ళీ పిలవాలి, ఎందుకంటే రెండోసారి చూస్తే తప్ప మొదటిసారి ఏం చూశామో తెలీదు. ఏ పాట నిలబడింది, ఏది తేలిపోయింది, ఎవరి అడుగు బరువుగా పడింది, ఎవరు తడబడ్డారు అని వాళ్ళతోనే మాట్లాడాలి. రాయగలిగినవాళ్ళు రాయాలి, సినిమా పాట మీద రాసినంత కోపంగానూ, అంత ప్రేమగానూ.

నేను చేసింది ఇంకా కొంచెమే. వచ్చే కనుమకి అదే బృందాన్ని పిలవమని కమిటీతో మాట్లాడాను. డీజే కుర్రాడితోనూ మాట్లాడాను. అతను మాకన్నా ముందే ఒప్పుకున్నాడు. తన మైకులు తప్పెటగుళ్ళకి ఇస్తానన్నాడు, తన బాక్సులు మర్నాటికి మార్చుకుంటానన్నాడు. "రేకు సౌండుకి ఏ మైకు పడితే ఆ మైకు సరిపోదన్నా, నేను సూసుకుంటాను," అన్నాడు. ఆ మాట మాలో ఎవరికీ తట్టలేదు.

గురువుకి ఫోన్ చేసి తొమ్మిది నుంచి తెల్లవారేదాకా అని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంతసేపు ఆడి శానా రోజులైపోయింది బావూ. కుర్రోలికి అన్ని పాటలు రావు. నేర్పాల," అన్నాడు. నా వ్యాసంలో ఇంతవరకూ లేని భయం అప్పుడు నాకు పట్టుకుంది. మనం రాత్రి ఇచ్చేసరికి వాళ్ళ దగ్గర రాత్రికి సరిపడా పాట మిగిలి ఉండకపోవచ్చు. "ఎన్నొస్తే అన్నే పాడండి," అన్నాను. "నేదు నేదు," అన్నాడు, "బేగి మొదలెట్టాల."

మామ్మకి ఈ సంగతి చెబితే, రాత్రంతా అంటే చలికి తట్టుకోగలనా అంది. అనేసి, తాతగారి రగ్గు ఎండలో వెయ్యమని అమ్మకి చెప్పింది. కనుమ ఇంకా నాలుగు నెలలుంది.